మా కారుకు శైత్యోపచారాలు

మన ప్రబంధాల్లో నాయికకు విరహతాపం పుట్టిందంటే ఇక చెలికత్తెలకు చేతినిండా పనే. మంచిగంధం అరగదీసే దొకతె, తామరాకులు పరచే దొకతె, పన్నీరు చిలికే దొకతె, వింజామర విసిరే దొకతె! ఎంత చేసినా ఆ వేడి తగ్గదు. తగ్గితే ప్రబంధం అక్కడితో అయిపోతుంది. వీటినే పెద్దలు శైత్యోపచారా లన్నారు. వసుచరిత్రలో గిరికకు జరిగిన ఈ సేవలను పద్దెనిమిదేళ్ళుగా బి.ఏ. పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ జాబితా నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. అంతటివాణ్ణి, మా వాకిట్లో వున్న కారుకు ఏ ఉపచారం కావాలో తెలియక పోయిన మే నెలలో నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

మాది కాగజ్‌నగర్. అమ్మకు ఆయాసం. నెలకోసారి మంచిర్యాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాలి. ఆ వేళ పదకొండు గంటలకు ఆయన రమ్మన్నారు. ఎండ ముదరకముందే పోదామని ఎనిమిదిన్నరకు బయలుదేరాం గాని, మా వైపు మే నెలలో ఎండ ముదరని గంటంటూ ఒకటి వుంటుందా? 45 డిగ్రీలు మాకు వింత కాదు. అమ్మ ముందు సీట్లో, మా ఆవిడ వెనక సీట్లో మజ్జిగ సీసాతో. ఆసిఫాబాదు దాటాం. రెబ్బెన ఇంకా కొంత దూరం వుందనగా కారులో ఏదో తియ్యటి వాసన, పాకం మాడినట్టుగా. తర్వాత ముందు మూత సందుల్లోంచి ఆవిరి!

అమ్మ చెవి ఒగ్గి విని, “కొడుకా, ఇంజన్ల అన్నం గిట్ల ఉడుకుతాందా ఏంది?” అన్నది.

మా బండిలో వేడి చూపే సూది లేదు. ఒక చిన్న దీపం వుంటుంది. చల్లగా వుంటే నీలం, మితిమీరితే ఎరుపు. ఆ ఎర్రదీపం ఎప్పుడు వెలిగిందో నేను చూడలేదు. బండి పక్కకు ఆపి, ముందు మూత ఎత్తి, రేడియేటరు బిరడా తిప్పబోయాను. అదృష్టవశాత్తూ అక్కడే ఆగి వున్న లారీ డ్రైవరు, “మూత ముట్టకుర్రి సార్! మొఖం కాలిపోతది!” అని కేక వేశాడు. లోపల నూరు డిగ్రీలు దాటిన నీళ్ళు ఒత్తిడిలో వున్నంతసేపూ నీళ్ళుగానే వుంటాయట. బిరడా వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై పైకి ఎగజిమ్ముతాయట. ఈ పాఠం నాకు ఆ వేళ ఉచితంగా వచ్చింది. తక్కినవాటికి రుసుము చెల్లించుకున్నాను.

రోడ్డు పక్క వేపచెట్టు, దాని కింద ఒక టీ గుడిసె. గుడిసె నడిపే అమ్మాయి అమ్మను నులకమంచం మీద కూర్చోబెట్టి కుండలో నీళ్ళిచ్చింది. అమ్మ ఆయాసం చూస్తే నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. అరగంటకు బస్సొకటి వచ్చింది. చెయ్యెత్తితే డ్రైవరు ఆపాడు. మా ఆవిడనూ అమ్మనూ ఎక్కించి పంపి, నేను ఆ కారుకు కాపలాగా మిగిలాను. పదకొండు గంటల డాక్టరు వాళ్ళు చేరేసరికి లేచిపోయారు. సాయంత్రం దాకా అక్కడి బల్ల మీద కూర్చుని చూపించుకోవలసి వచ్చింది. డబ్బు నష్టం కన్నా ఆ బల్ల మీద గడిచిన ఆరుగంటలే ఇప్పటికీ నన్ను బాధిస్తాయి.

కారును మంచిర్యాల దాకా లాక్కుపోయారు. అక్కడి మెకానిక్కు కుర్రవాడు బిరడా తీసి, వేలు పెట్టి చూసి, ఎర్రటి బురద నా ముందు చాచాడు.

“ఇండ్ల ఏం పోసిన్రు సార్?”

“నీళ్ళు.”

“ఏం నీళ్ళు?”

“మా ఇంటి బోరు నీళ్ళే.”

“ఎన్నొద్దుల సంది?”

“రెండేళ్ళ నుంచి.”

నన్నయ్య భాగవతం రాశాడని పరీక్షలో రాసిన పిల్లవాణ్ణి నేను ఎట్లా చూస్తానో, సరిగ్గా అట్లా చూశాడు. వేడెక్కి హెడ్డు వంగిందట, దాని కింద గాస్కెట్టు కాలిందట. రేడియేటరు గొట్టాలు సగం పూడిపోయాయట. వెరసి ఇరవై రెండు వేల చిల్లర. మూడు నాలుగు వందల సీసా మిగుల్చుకున్నానని రెండేళ్ళుగా నాలో నేను మురిసిపోయిన మాట ఆ కుర్రవాడికి చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఈ కథ మా పక్కింటి పెద్దాయనకు చెప్పాను. ఆయన మా వూరి కాగితం మిల్లు బాయిలర్ హౌసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాడు. మా వూరి పేరే కాగజ్ మీద వచ్చింది గదా. 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడి, 1942 నుంచి కాగితం తీయటం మొదలు పెట్టింది. 2014లో మూతపడి, 2018లో జె.కె. పేపరు వారి చేతికి వచ్చి మళ్ళీ తెరుచుకుంది. ఆ మూతపడిన నాలుగేళ్ళు వూరు ఎట్లా వున్నదీ చెప్పాలంటే అది వేరే వ్యాసం. పెద్దాయన నా మాట అంతా విని నవ్వాడు.

“పంతులు సారూ, బాయిలర్ల వాగు నీళ్ళు సక్కగ పోయనిస్తరా? నీళ్ళల్ల ఉన్న సున్నమంత తీసి, పరీక్ష జేసి, అప్పుడు పంపాలె. ఒక్క పూట గడబడైతే ట్యూబులల్ల పెచ్చు గడ్తది. పెచ్చు గడితే వేడి నీళ్ళకు పోదు, ఇనుములనే ఉంటది. ట్యూబు పగుల్తది. ట్యూబు పగిల్తే మిల్లు బందు. మీ కారు గూడ గదే గదా, చిన్న బాయిలర్!”

బాయిలరుకు ఆవిరి కావాలి, కారుకు ఆవిరి రాకూడదు. అంతే తేడా. మిగతా న్యాయమంతా ఒకటే. మా వీధిలో ఏ ఇంట్లోనైనా బోరు నీళ్ళు కాచే గిన్నె తిరగేసి చూడండి. అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కనబడుతుంది. ఆ గిన్నెను మా ఆవిడ వారానికోసారి చింతపండు పెట్టి తోముతుంది. ఇంజను లోపల తోమేదెవరు?

ఆ తర్వాత నేను ఈ సంగతిలో కొంత చదివాను. తెలుగు పంతులు పుస్తకం పడితే వదలడు. అది చమత్కార కావ్యమైనా సరే, కారుతో ఇచ్చిన పుస్తకమైనా సరే.

మనం పోయించే పెట్రోలులో వున్న శక్తిలో, ఉజ్జాయింపుగా మూడో వంతు బండిని నడుపుతుంది. మరొక మూడో వంతు పొగగొట్టం లోంచి పోతుంది. మిగిలిన మూడో వంతు వేడిగా ఇంజను గోడలకు పడుతుంది. మండే వాయువు రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిని గోడలోంచి లాక్కుని, ముందున్న రేడియేటరుకు మోసుకుపోయి గాలికి ఒప్పజెప్పి, మళ్ళీ వెనక్కు పరుగెత్తే బంటు ఒకడు కావాలి. ఆ బంటే కూలెంటు. మోతకు నీళ్ళను మించినది లేదు. ఆ మాట నిజం. నీటికి ఉన్న వేడి మోసే సత్తువ చాలా ద్రవాలకు లేదు. మరి నీళ్ళే చాలవా?

చాలవు. నీళ్ళకు మూడు అవలక్షణాలున్నాయి: నూరు డిగ్రీలకు మరుగుతాయి, సున్నాకు గడ్డకడతాయి, ఎప్పుడూ ఏదో ఒక లోహాన్ని కొరుకుతూ వుంటాయి. గడ్డ కట్టటాన్ని ఆపడానికి చలిదేశాల వారు మొదట సారాయి జాతి ద్రవాలు కలిపేవారు. అవి వేడికి ఎగిరిపోయేవి. 1920ల చివర అమెరికాలో ఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కని, తియ్యని ద్రవం బజారుకు వచ్చింది. అది ఎగిరిపోదు. నీళ్ళతో సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అందుకే సీసా మీద ‘యాంటీ ఫ్రీజ్’ అని అచ్చువేస్తారు.

ఆ అచ్చు చూసే నేను మోసపోయాను. మా జిల్లాలో గిన్నెధరి, సిర్పూరు వైపు చలికాలంలో అయిదారు డిగ్రీలకు దిగుతుంది, నిజమే. అయినా గడ్డకట్టడానికి ఇంకా దూరం వుంది గదా! ‘గడ్డకట్టని మందు’ లడఖ్ పోయేవాడికి కావాలి గాని, కాగజ్‌నగర్ వాడికెందుకని బోరు నీళ్ళు పట్టాను. ఆ సీసాలో నాకు పనికివచ్చేవి వేరే రెండున్నాయని తెలియదు. ఒకటి, ఆ సగం సగం మిశ్రమం నూరుకు కాక సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. బిరడా గట్టిగా వుండి ఒత్తిడి నిలిపితే మరొక ఇరవై డిగ్రీలు పైకి పోతుంది. (బిరడా రబ్బరు పోతే ఈ ఇరవై పోయినట్టే. అది కూడా చూపించుకోండి.) రెండవది, అసలైనది, అందులో కలిపే తుప్పు నివారణ మందులు. సీసాలో ఇవి ఉండేది కొద్ది పాళ్ళే. కాని మన ఎండదేశంలో ఆ కొద్దిపాటి మందు కోసమే మిగతా సీసా కొంటున్నామంటే తప్పులేదు.

మనుచరిత్రలో ప్రవరుడి సంగతి గుర్తుందా? సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు రాసుకుని హిమాలయం చేరాడు. మంచునీటికి ఆ పసరు కాస్తా కరిగిపోయింది. కాళ్ళున్నాయి, కొండ వుంది, ఇంటికి పోయే మార్గం మాత్రం లేదు. కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ పోస్తూ నేను చేసిన పని అదే. చూడడానికి తొట్టి నిండుగా కనిపించేది. పసరు మాత్రం కరిగిపోయింది.

మా నాన్నగారి రోజుల్లో ఈ బాధ ఇంత లేదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కాలంలో ఇంజను దిమ్మె పోత ఇనుము, రేడియేటరు రాగి, ఇత్తడి. డ్రైవర్లు డబ్బాతో చెరువు నీళ్ళు ముంచి పోసేవారు. బండి గొణుక్కుంటూ నడిచేది. ఇప్పుడు తేలిక కోసం హెడ్డు, రేడియేటరు, చాలా బళ్ళలో దిమ్మె కూడా అల్యూమినియమే. సన్నటి దారులు, పల్చటి గోడలు. అల్యూమినియానికి ఉప్పు నీళ్ళంటే పడదు. పాత డ్రైవర్ల అనుభవం గొప్పదే గాని, వారి సలహా వారి బళ్ళతోనే చెల్లింది.

సరే, కూలెంటే కొందామని దుకాణానికి పోయాను. అక్కడ బట్టల కొట్టులో రవికె గుడ్డల్లా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, గులాబి, నారింజ వరసగా పెట్టి వున్నాయి. “ఏ రంగు సార్?” అన్నాడు కొట్టతను. మా బండి తొట్టిలో ఇదివరకు ఏ రంగుండేదో నాకేం గుర్తు! “ఆకుపచ్చ తీస్కోర్రి సార్, అన్నిట్ల పడ్తది” అన్నాడు.

వ్యాకరణంలో వర్ణమంటే అక్షరం, లోకంలో రంగు. రంగును బట్టి గుణం చెప్పవచ్చునన్న భ్రమ మనకు పాతదే. కూలెంటు విషయంలోనూ అది భ్రమే. ఆ ద్రవానికి అసలు రంగు లేదు. కారుతూంటే కనబడాలనీ, తాగే నీళ్ళనుకోకూడదనీ అద్దకం వేస్తారు. ఏ గుణానికి ఏ రంగు వెయ్యాలని లోకమంతటా చెల్లే కట్టుబాటేమీ లేదు. టయోటా వారు ఎరుపు, గులాబి. హోండా వారు నీలం. ఫోక్స్‌వాగన్ వారు ఊదా. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు నారింజ. మరొకరు తయారుచేసిన ఎరుపుకూ టయోటా ఎరుపుకూ చుట్టరికం వుండాలని లేదు.

చుట్టరికం చూడవలసింది లోపలి మందులో. పాత పద్ధతిలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు వంటి లవణాలు కలుపుతారు. అవి లోహం మీదంతా వెంటనే పొర కట్టి కాపాడతాయి. కాని త్వరగా ఖర్చయిపోతాయి. రెండేళ్ళు వాటి ఆయువు. కొత్త పద్ధతిలో సేంద్రియ ఆమ్లాలు కలుపుతారు. అవి ఎక్కడ తుప్పు మొదలవుతుందో అక్కడికే పోయి పట్టుకుంటాయి, నిదానంగా ఖర్చవుతాయి, అయిదేళ్ళో ఆ పైనో వస్తాయి. ఈ రెండిటినీ కలిపిన సంకరజాతులు మళ్ళీ వేరు. యూరపులో నీళ్ళు కరుకు గనుక, ఫాస్ఫేటు ఆ నీటి సున్నంతో కలిసి పెచ్చు కడుతుందని అక్కడి వారు దాన్ని మానేశారు. జపాను వారేమో సిలికేటు నీటి పంపు సీళ్ళను అరగదీస్తుందని దాన్ని మాని ఫాస్ఫేటు పట్టుకున్నారు. ఎవరి ఇంజను వారి మందును చూసుకుని తయారైంది. ఒక జాతి తొట్టిలో మరొక జాతి పోస్తే అప్పటికప్పుడు బండి ఆగిపోదు. మందుల ఆయువు తగ్గుతుంది. కొన్ని జోడీలు కలిస్తే జిగురులాంటి మడ్డి కూడా పుడుతుంది.

అందుచేత “ఏ రంగు?” అన్న ప్రశ్నే తప్పు. “ఏ ప్రమాణం?” అని అడగాలి. ఆ జవాబు కారుతో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. మా పుస్తకం కవరు కూడా విప్పకుండా ముందు అరలో, ఇన్సూరెన్సు కాగితాల కింద వున్నది! అందులో ఒకే పేజీ: ఏ రకం, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి. ఆ పేరు సీసా మీద వుంటే తీసుకోండి. కంపెనీ సీసాయే కావాలని కాదు. అదే ప్రమాణానికి తయారుచేసిన మంచి సరుకైనా చాలు. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 5759, జపాను వారిది జె.ఐ.ఎస్. కె 2234, అమెరికా వారిది ఏ.ఎస్.టి.ఎం. డి 3306. ఇందులో ఏ అంకె లేకుండా ‘అన్ని బళ్ళకూ పనికివచ్చును’ అని మాత్రమే వున్న సీసాను నేనైతే దండం పెట్టి అక్కడే వదిలేస్తాను. లారీలకు, పెద్ద డీజిలు బళ్ళకు వేరే మందులుంటాయి. విద్యుత్తు కార్లలో బ్యాటరీకి పోసేది ఇంకా వేరు. ఆ తొట్టి జోలికి మనం పోకపోవటమే మంచిది.

ఇంకొక తిరకాసుంది. కొన్ని సీసాల్లో నీళ్ళు కలిపే అమ్ముతారు, అట్లాగే పోసుకోవాలి. కొన్నిటిలో చిక్కటి సరుకుంటుంది, నీళ్ళు మనం కలపాలి. కలిపినదానికి మళ్ళీ నీళ్ళు కలిపితే పల్చన. చిక్కటిది నీళ్ళు లేకుండా పోస్తే ఎక్కువ మేలు అనుకుంటారు కొందరు. అది మరీ పొరపాటు. వేడి మోయటంలో గ్లైకాల్ సత్తువ నీటిలో సగానికి కాస్త పైన మాత్రమే. కషాయం చిక్కగా వుంటే జబ్బు తొందరగా తగ్గుతుందనుకోవటం వంటిది. సగం సగం మంచి పాళం. కలిపే నీళ్ళు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు కావాలి, బోరువి కాదు. మా వంటి కరుకు నీళ్ళ వూళ్ళలో, లెక్కలు తప్పే నా వంటి వారికి, కలిపి అమ్మే సీసాయే సుఖం. ధర కొంచెం ఎక్కువనిపించినా అందులో సగం మంచి నీళ్ళకు ఇస్తున్నామనుకోవాలి.

దారిలో తొట్టి ఖాళీ అయి, మరేమీ దొరకకపోతే? మంచినీళ్ళ సీసా పోసి ఇల్లు చేరండి, తప్పులేదు. బండి పూర్తిగా చల్లారాక మాత్రమే. ఇల్లు చేరాక ఆ నీళ్ళు తీయించి, ఎక్కడ కారిందో చూపించి, సరైనది పోయించండి. ఎర్రదీపం వెలిగి, ఆపడానికి చోటు లేకపోతే ఏ.సి. ఆపేసి, హీటరు నిండుగా పెట్టి, మెల్లగా పక్కకు చేరాలి. మే నెలలో హీటరేమిటని నవ్వకండి. ఇంజను వేడిలో కొంత మన మొహాన కొట్టి అది బతుకుతుంది.

ఇంట్లో పిల్లలున్న వారికి ఒక మాట. ఈ సంగతి తెలిసిన నాడు మా ఆవిడ వెంటనే లేచిపోయి, వంటింటి అటక మీద షర్బతు సీసా పక్కనే నేను పెట్టిన గులాబిరంగు సీసాను తెచ్చి నా ముందు పెట్టింది. ఏమీ అనలేదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది, ఘోరమైన విషం. కొద్దిగా తాగినా మొదట మత్తుగా వుండి, తర్వాత మూత్రపిండాలు పాడవుతాయి. 2022లో గాంబియాలో పసిపిల్లలను పొట్టనపెట్టుకున్న దగ్గు మందుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనిపెట్టింది దీన్నీ, దీని జ్ఞాతి డైఇథిలీన్ గ్లైకాల్‌నూ. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందులోనూ ఆ జ్ఞాతే. అందుచేత మిగిలిన కూలెంటు తాగేనీళ్ళ సీసాల్లో పోసి పెట్టకండి. నేల మీద ఒలికితే వెంటనే కడగండి. కుక్కలూ పిల్లులూ నాకుతాయి. పొరబాటున ఎవరైనా తాగితే లక్షణాల కోసం చూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి, సీసాతో సహా. పాతది మోరీలో పారబోయక మెకానిక్కుకే అప్పజెప్పండి.

మా బండిలో పాత బురదంతా నాలుగుసార్లు కడిగించి, పుస్తకంలో చెప్పిన రకమే పోయించాను. ప్రతి ఆదివారం పొద్దున, ఇంజను చల్లగా వున్నప్పుడు, తొట్టి మీద వున్న రెండు గీతల నడుమ మట్టం చూస్తున్నాను. పక్కింటి పెద్దాయన గోడ మీద నుంచి, “బాయిలర్ ఎట్లున్నది పంతులు సారూ?” అని అడుగుతూ వుంటాడు.

జూన్‌లో మళ్ళీ మంచిర్యాల ప్రయాణం. వాన ఇంకా పడలేదు, ఎండ మే నెలకేమీ తీసిపోలేదు. నా కళ్ళు రోడ్డు మీద సగం, ఆ దీపం చోటు మీద సగం. అమ్మ అది కనిపెట్టి, “ఏం పోసినవ్ కొడుకా ఈసారి?” అని అడిగింది. చెప్పాను. “తియ్యగ ఉంటదా? నాకంటె దానికే మంచి మందు దొరికింది” అన్నది. రెబ్బెన దగ్గరపడగానే వేపచెట్టు కనిపించింది. అమ్మ నా చెయ్యి తట్టి ఆపమన్నది. నా గుండె గతుక్కుమన్నది గాని దీపం వెలగలేదు. మా ఆవిడ వెనక సీట్లోంచి చిన్న జాడీ అందించింది. నీళ్ళిచ్చిన అమ్మాయికి కొత్త మామిడికాయ తొక్కట.